పాము తునకలైందన్నారు

చెల్లె వాళ్ల అత్త ఫోన్ చేసి టేపు పట్టుకొని రమ్మంటే, గుమ్మాలకు కట్టె కొంటున్నారేమో అనుకున్నాను.

నేను నిర్మల్‌లో ఒక సామిల్లులో కొలతలు చూస్తాను. పదో తరగతి తప్పినవాణ్ని. లారీలోంచి దిగిన టేకు దుంగ చుట్టూ టేపు తిప్పి, వచ్చిన చుట్టుకొలతను నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్లీ హెచ్చవేస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఈ లెక్క నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మిల్లులో ముసలి మేస్త్రి వేళ్లు మడవడం చూసి నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎక్కడ ఏ లెక్క కనిపించినా విప్పి చూసుకోవడం అలవాటైంది. కొలవకుండా మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు.

"కట్టెకు గాదు బిడ్డా," అంది అత్త ఫోన్లో. "నీ చెల్లెకు సర్పి లేసింది. తలకు తోకకు మధ్యన ఎంత జాగా ఉన్నదో జర కొలిసి చెప్పు. ఒకరు జానెడంటరు, ఒకరు మూరెడంటరు. నాకు పరేషాన్ అయితుంది."

సర్పి అంటే ఏమిటో తెలియనివాళ్లు మా వైపు లేరు. నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీ వేసినట్టు ఎర్రగా పొక్కులు లేస్తాయి. నిప్పు మీద కారం చల్లినట్టు మంట. పాము చుట్టుకుంటున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. వెన్ను వైపు కొసను తల అంటారు, పొట్ట వైపు కొసను తోక అంటారు. ఆ రెండూ కలిసి చుట్టు పూర్తయితే మనిషి దక్కదని నమ్మకం. కలవకపోతే ఫికర్ లేదు. ఇంత పెద్ద జబ్బుకు మావాళ్ల దగ్గర ఉన్న లెక్క ఇదొక్కటే.

చెల్లెది ఇచ్చోడ నుంచి లోపలికి ఆటోలో పోవాల్సిన ఊరు. మా బావ దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు. ఇంట్లో చెల్లె, అత్త ఇద్దరే. చెల్లెకు కొన్నేళ్లుగా లూపస్ ఉంది. ఊళ్లో దాన్ని కీళ్ల బీమారి అంటారు, కీళ్లు వాచిపోతాయి కాబట్టి. కానీ అది కీళ్లకు పుట్టిన జబ్బు కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడడం. కుక్క ఇంటివాళ్లనే కరుస్తుంటే ఏం చేస్తాం? గొలుసుతో కట్టేస్తాం. కరీంనగర్‌లో పెద్ద డాక్టరు రాసిచ్చిన గోలీలు చేసేది ఆ పనే. గోలీలు మొదలుపెట్టాక చెల్లె మళ్లీ నీళ్ల బిందె ఎత్తింది, పత్తి చేనుకు పోయింది. మేమంతా సంతోషపడ్డాం. కట్టేసిన కుక్క దొంగ వచ్చినా లేవదన్న రెండో సగం మాత్రం మాకెవరూ చెప్పలేదు.

నేను పోయేసరికి చెల్లె వసారాలో మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకొని ఉంది. కుడి పక్క డొక్క మీద జాజు మందంగా పూసి ఉంది. జాజు అంటే గోడలకు, కుండలకు పూసే ఎర్రమన్ను. అది ఎండి బీటలు వారింది. బీటల్లోంచి చీము నీరు కారుతోంది. మంచం పక్కన పీట మీద జాజు పెట్టే తాత కూర్చొని బీడీ వెలిగించుకుంటున్నాడు. ఆయన కుండలు చేయడం ఎప్పుడో మానేశాడు, జాజు పెట్టడం మానలేదు. రూపాయి తీసుకోడు. తీసుకుంటే చేతిలో గుణం పోతుందంటాడు.

"వచ్చిండమ్మా ఇంజనీరు!" అన్నాడు నన్ను చూడగానే. "కొలువు పటేలా. నేను కండ్లతోని సూసి సగం అన్న. మీ అత్త నమ్మలే. మిషిన్ చెప్తే నమ్ముతదట."

"మిషిన్ కాదు తాతా, టేపు."

"ఏదో ఒకటి. పాముకు భయం ఉండాలె గంతే."

చెల్లె కళ్లు తెరిచి నవ్వబోయి, మంటకు ఆపేసుకుంది. నేను టేపు ఒంటికి తగలకుండా పట్టుకొని కొలిచాను. పొక్కులు సరిగ్గా వెన్నెముక గీత దగ్గర మొదలై, కుడి పక్కగా తిరిగి, బొడ్డుకు నేరుగా వచ్చి ఆగాయి. ఎడమ పక్క అద్దంలా ఉంది. నడుము చుట్టుకొలతలో పొక్కులు సగం, ఖాళీ సగం.

"సగానికి సగం ఉంది," అన్నాను.

అత్త కొంగు కళ్లకు అద్దుకుంది. "బతికించినవు బిడ్డా," అంది, నేనేదో మందు వేసినట్టు. తాత పొగ వదిలి, "నేను చెప్పలే?" అన్నాడు.

అప్పుడు చెల్లె మెల్లగా అంది, "అన్నా, గివి గూడ సూడు." మెడ దగ్గర జుట్టు పక్కకు తీసింది. అక్కడ నాలుగైదు నీటి పొక్కులు. మోచేతి మీద రెండు. చీర కొంచెం పైకి జరిపితే పిక్క మీద మరికొన్ని. నుదుటి మీద ఒకటి అప్పుడే లేస్తోంది.

తాత వంగి చూసి తొడ చరుచుకున్నాడు. "తునుకలు! మీ అత్తకు పొద్దుగాలనే చెప్పిన. జాజు దెబ్బకు పాము తునుకలైంది. తల ఒక దిక్కు, తోక ఒక దిక్కు, నడుమ ఒక దిక్కు. ఇగ సచ్చినట్టే. కొబ్బరికాయ తెచ్చి పెట్టుకోండ్రి."

అత్త ముఖం వెలిగింది. ఇద్దరూ నిజంగానే సంతోషపడ్డారు. ఆ సంతోషాన్ని ఇప్పటికీ నేను క్షమించలేను. వాళ్లలో కపటం లేదు, అదే మరీ మండిపోయే సంగతి.

నాకు వైద్యం తెలియదు. కానీ కోత తెలుసు. దుంగను ముక్కలు చేస్తే ముక్కలన్నీ కలిపితే మళ్లీ దుంగంత కావాలి, రంపపు పొట్టు పోగా. ఇక్కడ నడుము మీది పట్టీ ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గకుండానే బయట ముక్కలు లేస్తున్నాయి. అలా లేస్తే అది కోత కాదు, మొలక.

"పాము తునకలైతే నడుము మీద తగ్గాలె గదా తాతా? ఏడ తగ్గింది?" అన్నాను.

"అన్నిటికి లెక్కలు ఉండయి పటేలా."

"డాక్టరుకు చూపించినవా?" అని చెల్లెను అడిగాను.

చూపించింది. రోడ్డు మీది క్లినిక్‌కు పొక్కులు లేచిన మరునాడే పోయింది. అక్కడి డాక్టరు బల్ల అవతలినుంచి తొంగి చూసి, "సర్పే కదా, అదే తగ్గిపోతుంది," అని ఒక ట్యూబు, నొప్పి గోలీలు రాసిచ్చాడట.

"వేరే ఏం గోలీలు మింగుతున్నవని అడగలేదా?"

"అడగలే. నేనే చెప్పవోయిన. 'నెక్స్ట్' అన్నడు. బయట మస్తు మంది ఉండిరి."

"కరీంనగర్ గోలీలు మింగుతున్నవా మరి?"

చెల్లె అత్త వైపు చూసింది. అత్త జవాబు చెప్పింది, "జాజు పెట్టినంక ఇంగ్లీషు మందు కడుపుల పడద్దంటరు. ఆపించిన. అన్ని గోలీలు మింగే గదా గిట్లయింది, ఒల్లంత ఏడి చేసి."

నాకు అప్పటికి తెలియదు, ఆ గోలీల్లో ఒక రకాన్ని ఉన్నట్టుండి ఆపితే అదొక్కటే మనిషిని పడగొట్టగలదని. కానీ చెల్లె లేచి కూర్చోబోయి గోడ పట్టుకుంది. కళ్లు తేలేసింది. పొద్దున తాగిన చాయ్ కూడా నిలవలేదని అప్పుడు చెప్పింది. అత్త, తాత, ఇద్దరూ ఆమె మేలు కోరేవాళ్లే, ఆమెను రెండు వైపులనుంచీ కోస్తున్నారు.

నేను ఆటోకు ఫోన్ చేశాను. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"జాజు రాలకముందు పొలిమేర దాటద్దు బిడ్డా. దాటితే పాము మల్ల అతుక్కుంటది."

"అత్తా, అడ్డం తప్పుకో."

"రేపు నా కొడుకు అడిగితే నేనేం చెప్పాలె? నీ కోపానికి నా కోడల్ని బలిస్తవా?"

"నీ కోడలు గాదు, ముందుగాల నా చెల్లె!"

ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటి గోడ మీద తలలు లేచాయి. తాత బీడీ ఆర్పేసి, "లొల్లి వద్దు, లొల్లి వద్దు," అంటున్నాడు. నేను ఇంకా ఏమేమో అన్నాను. వాళ్ల జాజును, పామును, కొబ్బరికాయను అన్నిటినీ తిట్టాను. అత్త ఏడుస్తోంది కానీ కదలడం లేదు. చివరికి చెల్లె తనే లేచింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో చీర పట్టుకొని గుమ్మం దాకా వచ్చి, "అత్తా, తిడితే నన్ను తిట్టు. నాకు బతకాలని ఉన్నది," అంది. అత్త పక్కకు జరిగింది.

ఆదిలాబాద్‌లో పెద్ద దవాఖానలో ఆ పూట ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. చెల్లెను చూసిన వెంటనే ఆమె పొక్కులను చూడలేదు. "ఏం మాత్రలు వాడుతున్నారు?" అని అడిగింది. మొదటి మాటే అది. నేను సంచిలోంచి గోలీల పట్టీలు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి, ముఖం మారిపోయి, నర్సును పిలిచి వేరే గది తెరిపించింది. "మీకు చిన్నప్పుడు అమ్మ పోసిందా, ఆటలమ్మ?" అని నన్ను అడిగింది. పోసిందన్నాను. "అయితే మీరు ఉండొచ్చు. పోయనివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఈ గదిలోకి రావొద్దు."

సెలైన్‌తో పాటు మందు ఎక్కుతుండగా ఆమె నాకు బయట వరండాలో చెప్పింది. చిన్నప్పుడు మనం అమ్మ అని చేతులెత్తి మొక్కేదీ, పెద్దయ్యాక పాము అని భయపడేదీ ఒకటే పురుగు. అమ్మ పోయి పొక్కులు మానిపోయినా అది ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కన నరం మొదట్లో దాక్కుంటుంది. కాపలా తగ్గిన రోజు ఆ నరం వెంట బయటికి వస్తుంది.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. చెల్లెకు అమ్మ పోసినప్పుడు అవ్వ గుమ్మానికి వేపాకు కట్టింది, ఇంట్లో తాలింపు పెట్టనియ్యలేదు, పసుపు నీళ్లు పోసి సాగనంపింది. "అమ్మ సల్లగ పోయింది," అని వాడకంతా చెప్పింది. పోలేదు. నా చెల్లె పెళ్లికి వచ్చింది, దుబాయ్ ఫోన్లు వింది, పత్తి చేలో తిరిగింది. ఒంట్లోనే ఉంది.

"నడుము చుట్టూ కలిసిందా లేదా అని కొలిచాను మేడం. సగమే ఉంది," అన్నాను, అదేదో నేను చేసిన మంచి పనిలా.

"ఎప్పుడూ సగమే ఉంటుంది," అందామె. "నరం ఒక పక్కదే కదా. కుడి నరం ఎడమకు పోదు. దాదాపు ఎవరికీ చుట్టు పూర్తి కాదు. భయపడాల్సింది కలవడం గురించి కాదు. మీ చెల్లెలిలాంటి వాళ్లకు ఆ పట్టీ దాటి బయట పొక్కులు వచ్చాయంటే అది రక్తంలో పడిందని అర్థం. ఊపిరితిత్తులకో, మెదడుకో పోతే ఇక్కడ నా చేతుల్లో ఉండదు. పొక్కులు లేచిన మొదటి రెండు మూడు రోజుల్లోనే ఈ మందు మొదలుపెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో."

ఆ వరండాలో బెంచీ మీద కూర్చొని నేను లెక్క వేసుకున్నాను. మా ఊళ్లలో తరతరాలుగా కొలుస్తున్నది ఎప్పుడూ మారని కొలత. ఎవరికి కొలిచినా సగం వస్తుంది. సగం రాగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మామూలు మనిషికి అదే మానిపోతుంది, జాజుకు పేరొస్తుంది. చెల్లెలాంటి మనిషికీ సగమే వస్తుంది, ఆమెకూ ఊపిరి పీల్చుకుంటారు. మిల్లులో దుంగ లోపల తొర్ర ఉందో లేదో చుట్టుకొలత చెప్పదు. సుత్తితో కొట్టి చెవి పెట్టాలి. నా చెల్లె మీద ఒక్కరు కూడా చెవి పెట్టలేదు. తాతకు చదువు లేదు సరే, ఆ క్లినిక్ డాక్టరు గోడకు డిగ్రీల పటాలు కట్టుకున్నాడే? కరీంనగర్ డాక్టరు ప్రతిసారీ రక్తపరీక్షలు రాశాడే? "పొక్కులు లేస్తే ఆగకుండా వచ్చెయ్," అని ఒక్క మాట ఆ చీటీ వెనక రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

రెండోనాడు చెల్లెకు దగ్గు మొదలైంది. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకొని చూసి, ఆక్సిజన్ పెట్టమంది. చెల్లె ముఖమంతా పొక్కులు. పెదవులు మాత్రం కదిలాయి. నేను వంగాను.

"అన్నా, తల తోక కలిసినయా?"

అంత జరిగాక కూడా ఆమె అడిగింది అదే. నరాలు, రక్తం, ఊపిరితిత్తులు అని ఆమెకు చెప్పాలనిపించింది. ఆమె కళ్లు చూసి, "లేదురా, కలవలే," అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆ మాటతో నా చెల్లె నిమ్మళపడింది. ఆ పాము మీద నాకున్న కోపం ఆ నిమిషంలో ఎంతుందో ఏ టేపుకూ అందదు.

బతికింది. దగ్గు మెల్లగా తగ్గింది. పొక్కులు నల్లగా మాడి రాలిపోయాయి. ఉన్నట్టుండి ఆపకూడని ఆ గోలీని డాక్టరమ్మ మొదటిరోజే మళ్లీ మొదలుపెట్టించింది, ఇంకోదాన్ని కరీంనగర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి కొన్నాళ్లు పక్కన పెట్టింది. కానీ కుడి డొక్కలో మంట మిగిలిపోయింది. చర్మం మానింది, నరం మానలేదు. మెత్తటి నూలు రవిక తగిలినా ఉలిక్కిపడుతుంది. ఇప్పటికీ ఆ పక్కకు తిరిగి పడుకోదు.

ఇంటికి తీసుకుపోయేటప్పుడు దారిలో క్లినిక్ దగ్గర ఆటో ఆపించి లోపలికి పోయాను. జరిగింది చెప్పాను. డాక్టరు ఓపికగా విని, "ఇప్పుడు బాగానే ఉంది కదా?" అన్నాడు.

"గోలీలు ఏం వాడుతున్నవని అడిగి ఉంటే..."

"పేషెంట్లే చెప్పాలి అలాంటివి. ఇంతమందిని చూస్తాం." బెల్లు కొట్టాడు. "నెక్స్ట్."

ఊళ్లో అత్త తాతకు కొబ్బరికాయ కొట్టింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. అందరి నోటా ఒకటే కథ. జాజు దెబ్బకు పాము తునకలైంది, తునకలు ఊడ్చెయ్యడానికి దవాఖానకు పోయారు, అక్కడ రెండు నీళ్ల సీసాలు ఎక్కించారు. నేను నోరు తెరిచేలోగా ఒకామె, "పాపం అన్నకు కోపమెక్కువ గని మనసు మంచిది," అని నాకు చిప్పలోంచి కొబ్బరి ముక్క ఇచ్చింది. దాన్ని పట్టుకొని నిలబడ్డాను. విసిరేద్దామంటే ఎవరి మీద విసరాలి?

జనం పలచబడ్డాక చెల్లె తాత ముందు కూర్చుంది. రవిక ఒంటికి తగలకుండా మోచెయ్యి ఎత్తి పెట్టుకుంది.

"తాతా, ఒక మాట అడిగితే కోపానికి రావు గదా?"

"నీ మీద కోపమేందే?"

"ఇగ నుంచి సర్పి అని ఎవలొచ్చినా, జాజు పెట్టకముందు ఒక్కటి అడుగు. 'గోలీలు ఏమన్న మింగుతున్నవా' అని. అవునంటె ముట్టకు. దవాఖానకు పంపు. మింగుతలేనంటె గూడ పంపు, ఎనుక జాజు పెట్టుకో."

తాత గడ్డం గోక్కున్నాడు. "గంతేనా? అడుగుత తియ్. అడిగినందుకు నోరు అరుగుతదా?"

నేను ఆ కొబ్బరి ముక్కను అరచేతిలో నలిపేశాను. ఇంత తేలిక. ఒక ముసలాయన బీడీ వెలిగించుకుంటూ ఒప్పుకునేంత తేలికైన మాట. దాన్ని అడగడానికి ఆ బల్ల వెనక మనిషికి తీరిక లేకపోయింది. మాట ఇవ్వడంలో ఏముంది, రేపటికి మరిచిపోతాడు అని కూడా అనుకున్నాను.

వానలు పడ్డాక మళ్లీ ఆ ఊరికి పోయినప్పుడు చెల్లె వసారాలో ఒకాయన కూర్చొని ఉన్నాడు. అంగీ విప్పి భుజం మీద వేసుకున్నాడు. ఎడమ డొక్క మీద పొక్కులు. వాటి మీద వెనక సగానికి జాజు ఉంది, ముందు సగానికి లేదు. గోడకు సున్నం వేస్తూ వేస్తూ ఎవరో మధ్యలో లేచిపోయినట్టు ఉంది.

"తాత పెడుతుండె," అన్నాడు. "నడుమల ఆపిండు. గోలీలేమన్న మింగుతున్నవా అన్నడు. మింగుతున్న అన్న. పో, నా కొంప ముంచకు, గా దుబాయ్ ఆయన పెండ్లానికి సూపియ్యి అని ఎల్లగొట్టిండు." అరచెయ్యి తెరిచి చెమటకు తడిసిన గోలీల పట్టీ చూపించాడు.

చెల్లె తీసుకొని చదివింది. గ్యాస్‌కు వాడే గోలీలు.

నాకు నవ్వొచ్చింది. చెల్లె మాత్రం నవ్వలేదు. "పొక్కులెప్పుడు లేసినయ్?" అని అడిగింది. నిన్న అన్నాడాయన. "అయితే ఇయ్యాల్నే పోవాలె," అని లోపలికి పోయి చెప్పులు వేసుకుంది.

ఆయన ఆటో ఎక్కుతూ నా జేబులోంచి వేలాడుతున్న టేపు వైపు చూశాడు. "నువ్వేనా కొలిసేటాయన? జర కొలువరాదే, తల తోక ఎంత దూరమున్నదో."

"సగం ఉంటది," అన్నాను, టేపు తియ్యకుండానే. "ఎక్కు."